ఈ పొద్దు మీరెవరు, టీచరమ్మా?

నిన్న మధ్యాహ్నం మా అంగడికి ఒకావిడ టిఫిన్ క్యారియర్ కొనడానికి వచ్చింది. వెంట కూతురు, రెండో మూడో తరగతి పాప. తల్లి గిన్నెలు ఒక్కొక్కటే విప్పి, మూతలు తీసి, మళ్ళీ బిగించి చూస్తూంటే, ఆ పాప బల్లకు ఆనుకుని స్కూల్లో అప్పజెప్పాల్సిన ఇంగ్లీషు వ్యాసం గొంతెత్తి వల్లిస్తోంది. మై మదర్ ఈజ్ గుడ్. మై మదర్ ఈజ్ కైండ్. మై మదర్ ఈజ్ బ్యూటిఫుల్. తల్లికి చెవిన పడుతున్నట్టే లేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. బల్ల మీదికి వంగి, "ఇదంతా ఎవరికి చెప్తున్నావు పాపా?" అని అరవంలో అడిగాను. పాప టక్కున నోరు మూసి అమ్మ చీర వెనక దాక్కుంది. తల్లి నా వంక ఒక చూపు చూసి, క్యారియర్ అక్కడే పెట్టి, రేపొస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

"బేరం చెడగొట్టినావా?" అన్నారు లోపలి నుంచి మా ఆయన.

చెడితే చెడిపోనీ. ఆ ప్రశ్న నాది కాదు. నాకు దాన్ని జబ్బులాగా అంటించి పోయిన మనిషి ఒకావిడ ఉండేది. ఆమె పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఎవరైనా పిల్లలు ఒకే రకం వాక్యాలు వరసగా చదువుతుంటే చాలు, ఆమె వచ్చి నా పక్కన కూర్చుంటుంది. ఏం చెయ్యమంటారు?

పాండిచేరిలో, సారం అనే పేటలో మాది స్టీలు పాత్రల అంగడి. కింద అంగడి, పైన ఇల్లు. పక్క సందులో పాత ఇంటి ముందు వాటాలో ఆమె ఒక్కతే ఉండేది. ఊరు యానాం. అదీ పాండిచేరి గవర్నమెంటే కదా, అక్కడి టీచర్లను ఇక్కడికి, ఇక్కడివాళ్ళను అక్కడికి వెయ్యడం మామూలే. అలా బదిలీ మీద వచ్చి, రిటైరయ్యాక కూడా తిరిగి పోలేదు. ఎందుకు పోలేదని వీధిలో అందరికీ అనుమానమే. అడిగినవాళ్ళు మాత్రం లేరు.

పొట్టి మనిషి. ఎప్పుడూ నూలు చీరే. వీధిలో ఎవరైనా ఎదురొస్తే నడక నెమ్మది చేసేది, పలకరిస్తారేమోనని. వాళ్ళు పలకరించకుండా దాటిపోతే, చెప్పు సవరించుకోవడానికే ఆగినట్టు కిందికి వంగేది. అంగట్లో కూర్చుని ఇది నేను చాలాసార్లు చూశాను. మొదట్లో, పాపం చెప్పు పాతదైపోయిందేమో అనుకునేదాన్ని. చెప్పులు మార్చాక కూడా వంగుతోంది. అప్పుడు అర్థమయింది.

ఆమెతో మాట కలిసింది అంగట్లోనే. ఆ రోజు నేను బల్ల దగ్గర మా అమ్మాయి భువనను తిడుతున్నాను. తిట్లు మాకు తెలుగులోనే వస్తాయి. ఏదో గిన్నె చూస్తున్న ఆమె చటుక్కున తలెత్తింది.

"మీరు తెలుగువాళ్ళా అమ్మా?"

"అవునమ్మా. ఇంట్లో మాత్రమే."

"ఇంట్లో కాక మనుషులు ఇంకెక్కడుంటారమ్మా?" అని నవ్వింది. ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు. మాట్లాడ్డానికి మనిషి దొరికిందన్న సంతోషం మొహం మీద అంత బాహాటంగా కనిపిస్తే నాకే ఎటు చూడాలో తోచలేదు.

మా దగ్గర గిన్నె కొంటే దాని మీద పేరు కొట్టి ఇవ్వడం ఆనవాయితీ. నాలుగిళ్ళ సామాను ఒకచోట కలిసినప్పుడు ఎవరిది వారికి తెలియాలి కదా. మిషను చేతిలోకి తీసుకుని, "ఏ పేరు కొట్టాలమ్మా?" అన్నాను.

"వద్దులెండి. కలిసిపోడానికి మా ఇంట్లో ఇంకొకళ్ళ గిన్నెలేం ఉన్నాయి?" అంది. మళ్ళీ నవ్వింది. ఈసారి నేను నవ్వలేదు, నవ్వాలో వద్దో తెలియక.

మా సంగతి కూడా కొంచెం చెప్పాలి. మా తాతల తాతలు ఎప్పుడొచ్చారో మాకే తెలియదు. మా తెలుగు నోటి వరకే. బళ్ళో అరవం, ఆఫీసులో ఇంగ్లీషు, పెళ్ళిపత్రిక అచ్చు వేస్తే అదీ అరవమే. అప్పటికి నాకు నా పేరు తెలుగులో రాయడం రాదు. భువనకూ అంతే. ఈ సంగతి విని టీచరమ్మ, "సాయంత్రం పిల్లల్ని పంపండి, నేర్పుతాను" అంది. మా వీధిలోవాళ్ళు, వెనక వీధిలో మా దాయాదులు, నటేశన్ నగర్ నుంచి ఇంకో ఇద్దరు పిల్లల్ని పంపారు. తెలుగు మీద ప్రేమ అని చెప్పను. ఆ గంటన్నర సేపు ఇల్లు నిమ్మళంగా ఉంటుందని.

అక్షరాలు, గుణింతాలు అయ్యాక పిల్లల చేత వాక్యాలు రాయించడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం నేను భువనను తీసుకుపోదామని వెళ్ళి గడప దగ్గర నిలబడ్డాను. అప్పుడే మా అమ్మాయి రాసింది ఆమె పైకి చదువుతోంది.

"నేను బీచికి పోయాను. నేను అలలు చూశాను. నేను ఐస్‌క్రీం తిన్నాను. నేను ఇంటికి వచ్చాను."

బస్‌స్టాండు మైకులో బస్సుల పేర్లు చదివే గొంతుతో చదివింది. పిల్లలు పకపకా నవ్వారు. భువన మూతి ముడుచుకుంది.

"ఎవరికి చెప్తున్నావే ఇది?"

"ఎవరికీ లేదు టీచరమ్మా. సుమ్మా రాసినా."

"ఊరికే రాస్తే ఇలాగే ఉంటుంది. సరే. ఇప్పుడు నేను మీ అవ్వని. నాకు చెవుడు. చెప్పు."

అంటూనే కొంగు తల మీదికి లాక్కుని, నడుం వంచి, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గొంతు కూడా మారిపోయింది. గోదారి మాట పోయి అచ్చం మా మాట వచ్చేసింది. "ఏందే? యాడికి పోయినావే?"

"బీచికవ్వా! బీచి! అలలు! ఇంతింత అలలు!" అని అరిచింది భువన.

"ఇప్పుడు పోలీసుని" అని కొంగు తీసి నడుముకు దోపింది. "ఐస్‌క్రీం ముందా, అలలు ముందా? సరిగ్గా చెప్పాలి."

"అలలు చూసి, మా నాయన బండి పెట్టి వచ్చేదాకా ఆడనే నిలబడి, ఆ తరువాత తిన్నా సార్."

"ఇప్పుడు నీ చెల్లెల్ని. నన్ను తీసుకుపోలేదు, ఏడుస్తున్నాను. చెప్పక్కా."

భువన అందుకుంది. "ఐస్‌క్రీం తింటా ఉంటే వచ్చింది చూడు ఒక అల, నా చెప్పు ఎత్తుకోని పోయింది! నాయన దాని వెనకాలే పరిగెత్తినాడు, ప్యాంటంతా తడిసిపోయి, చెప్పు దొరకలా, అమ్మ చూసి నవ్వి నవ్వి ఆడనే కూర్చుండిపోయింది!"

"మరి ఈ చెప్పు సంగతి నీ వ్యాసంలో ఏదే?"

మా అమ్మాయి బిక్కమొహం వేసింది. "అదంతా రాయచ్చా టీచరమ్మా?"

నేను గడప దగ్గర నుంచి అన్నాను, ఊరుకోకుండా. "ఏంది టీచరమ్మా ఇది, చదువా నాటకమా?"

ఆమె నాకు జవాబు చెప్పలేదు. పిల్లలకే చెప్పింది. "వినే మనిషి మారితే వాక్యం దానంతటదే మారుద్ది. చెవిటావిడకు పొట్టి మాటలు కావాలి. పోలీసుకు ముందు వెనకలు కావాలి. చెల్లెలికి పొడుగు వాక్యం చెప్పాలి, మధ్యలో ఆపితే ఒప్పుకోదు. అన్నీ ఒకేలాగ రాశారనుకోండి, ఎవరూ వినట్లేదని మీకు ముందే తెలిసిపోయిందన్న మాట."

ఇంటికి వస్తూ దారంతా అదే మాట నన్ను తొలిచేసింది. నేను మా ఆయనతో రోజూ ఏం మాట్లాడతానో తలుచుకున్నాను. అన్నం పెట్టినా. పాలు తెచ్చినా. కరెంటు బిల్లు కట్టినా. అన్నీ ఒకటే పొడుగు. ఆయన జవాబూ ఒకటే, "ఊఁ."

పిల్లలు వచ్చేసరికి వేయించిన శనక్కాయలు పళ్ళెంలో పోసి, ఒక్కొక్కరికి ఒక కుప్ప పెట్టేది. ముందు వాక్యం ఎలా మొదలైందో తరవాతి వాక్యం కూడా అలాగే మొదలైతే, ఆ పిల్లవాడి కుప్పలోంచి ఒక కాయ తీసి నోట్లో వేసుకునేది. దంతాలు సగం లేవు. అయినా పట్టుబట్టి నమిలేది. అది నమిలి మింగేదాకా పాఠం ఆగిపోవాలి. పిల్లలు కాయల కోసమని కాదు, ఆ నమలడం చూడలేక వాక్యాలు మార్చి రాసేవాళ్ళు.

వేషాలు రోజుకో రకం. ఒక రోజు కొత్తగా పక్కింట్లో దిగినావిడ. ఒక రోజు ఏం చెప్పినా నమ్మని అత్తగారు. ఒక రోజు ఊరి నుంచి వచ్చిన మేనత్త, సంగతులన్నీ అడిగి అడిగి ప్రాణం తీసేది. పిల్లలు వస్తూనే చెప్పులు విడవకముందే అడిగేవాళ్ళు, "ఈ పొద్దు మీరెవరు, టీచరమ్మా?" అని. ఆ మాట వినడానికే ఆమె తలుపు తీసి పెట్టుకుని కూర్చునేదని నా నమ్మకం. ఎనిమిదేళ్ళ పిల్లను "అక్కా అక్కా" అని ఆమె పట్టుకుని వేలాడుతుంటే నవ్వొచ్చేది, ఏడుపూ వచ్చేది. ఆ గంటన్నర సేపు ఆమెకు చుట్టాలకు కొదవ లేదు.

పిల్లలు వెళ్ళిపోయాక ఆమె వెంటనే లేచేది కాదు. ఖాళీ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని గుమ్మం వైపు చూస్తూ అలాగే ఉండేది. లైటు వేసేది కూడా కాదు. నేను భువన మర్చిపోయిన గొడుగో సంచో తీసుకోవడానికి వెళ్తే, "రామ్మా, కూర్చో" అనేది. అంగట్లో పని ఉంటుంది, అయినా కూర్చునేదాన్ని. అలా కూర్చుని కూర్చుని నేను కూడా అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాను. ఈ వయసులో! పిల్లలు నా 'ఐ' చూసి ఎంత నవ్వారో. నవ్వండ్రా నవ్వండి అన్నాను.

నా మొదటి వ్యాసం మా ఆయన మీద. "ఆయన పొద్దున లేస్తారు. ఆయన అంగడి తెరుస్తారు. ఆయన కాఫీ తాగుతారు. ఆయన అంగడి మూస్తారు."

టీచరమ్మ చదివి కళ్ళద్దాలు తీసింది. "మీ ఆయన మనిషా, గడియారమా?"

"చూసేదానికి మనిషే" అన్నాను.

"సరే, ఇప్పుడు నేను మీ ఆయన్ని. చెప్పు, ఏం చెప్పాలనుందో."

కాళ్ళు బార జాపి, ఫోను చేతిలో ఉన్నట్టు అరచెయ్యి చూసుకుంటూ కూర్చుంది. అదే వాలకం! నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. మాట్లాడాను. పెళ్ళైన నాటి నుంచి మొదలుపెట్టి, మా నాయన పోయిన రోజు కూడా అంగడి మూసిన తరువాతే వచ్చిన సంగతి, నాకు జ్వరం వస్తే మాత్ర కూడా భువన చేతే ఇప్పించిన సంగతి, నేను కొత్త చీర కట్టుకుని మెట్లు దిగితే ధర అడిగిన సంగతి, అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కించుకుంటూ ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. పిల్లలు నోళ్ళు తెరిచి చూస్తున్నారు. అయిపోయాక టీచరమ్మ అరచెయ్యి దించి, "ఇంత పెద్ద వాక్యం ఈ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదమ్మా. ఇదే రాయి" అంది. రాశాను. చేతులు నొప్పి పుట్టాయి. ఇంటికి వెళ్ళి మా ఆయనకు చూపించాను, ధైర్యంగా. తెలుగు చదవడం రాదు కాబట్టి, "బాగుండాది" అన్నారు.

తరువాత ఏముంది, పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. ఒకరికి హిందీ పరీక్షలు, ఒకరికి కీబోర్డు క్లాసు, నటేశన్ నగర్ పిల్లలకు ఎగ్జామ్ కోచింగు. తెలుగు రాస్తే మార్కులు లేవు కదా. భువన పదో తరగతికి వచ్చింది, సాయంత్రం ట్యూషను. టీచరమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. కానీ శనక్కాయలు మాత్రం ఎప్పట్లాగే వేయించి, కుప్పలు పెట్టి కూర్చునేది. ఎదురుగా నేనొక్కదాన్నే. "ఇంకెవరు వస్తారని టీచరమ్మా ఇన్ని?" అని ఒకసారి కసిరాను కూడా. "వస్తే లేవనకూడదు కదా" అంది.

నవంబరు ముసురు. అంగట్లో బేరం లేదు. గొడుగు వేసుకుని వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చుని, రోజూ అడిగే మాటే అడిగాను.

"ఈ పొద్దు మీరెవరు, టీచరమ్మా?"

కొంచెం సేపు వాన చూసింది. "ఇవాళ నేనేనమ్మా" అంది.

"నేనే అంటే?"

"నేనే. ఈ ఇంట్లో ఉండే ఆవిణ్ని. వేషమేం లేదు. నాకు చెప్పు."

నోరు తెరిచాను. అవ్వతో చెప్పగలను. పోలీసుతో చెప్పగలను. మా ఆయనతోనే అంత మాట్లాడినదాన్ని! ఈమెతో ఏం మాట్లాడాలి?

"ఏంది టీచరమ్మా, ఇట్ల ఇరికించినారు? మీకు ఏం చెప్పేది? మీకు ఏం ఇష్టమో, దేనికి నవ్వుతారో నాకేం తెలుసు?"

"అదే కదా" అంది మెల్లగా. "ఎవరికీ తెలీదు. ఈ ఊరొచ్చాక నన్ను నన్నుగా అనుకుని మాట్లాడినవాళ్ళు లేరమ్మా. టీచరనో, మేడమనో, లేకపోతే ఇదిగో ఈ వేషాలు. ఒక్కళ్ళు మాట్లాడితే ఎలా ఉంటుందో చూసి పోవాలనుంది. అంతే."

కూరగాయలు ఎక్కడ బాగుంటాయో చెప్పినట్టు మామూలుగా చెప్పింది. కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పడానికి ప్రయత్నం చేశాను. "ఈ పొద్దు వాన పడింది. ఈ పొద్దు బేరం లేదు. ఈ పొద్దు భువనకు జలుబు." ఓరి దేవుడా, మా అమ్మాయి బీచి వ్యాసమే! ఆమె చివరిదాకా విన్నది. నా కుప్పలోంచి ఒక్క కాయ కూడా తియ్యలేదు.

"పర్లేదు. మొదట అందరూ ఇలాగే చెప్తారు. రేపు చూద్దాం" అంది.

ఆ రేపటి నుంచి రోజూ అదే ప్రయత్నం. నేను ఆమెను అడగడం నేర్చుకున్నాను. అడిగితే చెప్పేది, కానీ జీవితచరిత్ర కాదు, ముక్కలు ముక్కలుగా. స్కూల్లో స్టాఫ్‌రూం గురించి ఒకసారి చెప్పింది. "అందరూ అరవంలో గలగలా మాట్లాడుకునేవారు. నాకు అర్థమయ్యేది. నేనూ ఓ మాట అందామని లోపల వాక్యం కూర్చుకునేదాన్ని. అది కుదిరేసరికి వాళ్ళు ఇంకో సంగతిలోకి వెళ్ళిపోయేవారు. రోజూ అంతే. కొన్నాళ్ళకి కూర్చుకోడమే మానేశాను. మేడం చాలా నెమ్మదని పేరొచ్చింది." అని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నేనా నెమ్మది! మా ఊళ్ళో నా నోటికి కుక్కలు కూడా జడిసేవి."

ఆ తరువాత చాలా రోజులు ఆ స్టాఫ్‌రూం నా కళ్ళ ముందు తిరిగింది. నోట్లో వాక్యం పట్టుకుని, అది చెప్పే సందు దొరక్క, సర్వీసంతా అలా కూర్చున్న మనిషి.

తగువుల సంగతులంటే చెవి కోసుకునేదని కూడా తెలుసుకున్నాను. మా అంగట్లో ఒకసారి పెళ్ళివాళ్ళు సారె సామాను కొంటూ, ముందు మా పేరు కొట్టాలంటే ముందు మా పేరని మగపెళ్ళివారూ ఆడపెళ్ళివారూ నా చెయ్యి పట్టుకుని మిషను అటూ ఇటూ లాగిన సంగతి చెబితే, దగ్గు వచ్చేదాకా నవ్వింది. కానీ మధ్యలోనే, "ఉండు ఉండు, ఇప్పుడు నేను పెళ్ళికొడుకు తల్లిని, మళ్ళీ చెప్పు" అంది. నేను ఆపలేదు. నాకూ అదే సులువు. ఆమె మొహంలోకి చూసి, ఆమెకే చెప్పడం మాత్రం ఒక్కరోజూ కుదరలేదు. ఎప్పటికప్పుడు "రేపు చూద్దాం" అనుకున్నాం ఇద్దరం.

ఎండాకాలంలో ఒక పొద్దున పాలావిడ మెట్లెక్కి వచ్చి చెప్పింది, తలుపు తీయడం లేదని. తీయించి చూస్తే నిద్రలోనే పోయింది.

యానాంలో ఎవరో తమ్ముడి వరస ఉన్నాడని ఇంటి ఓనరు ఫోను చేశాడు. రాలేనని, మీరే కానిచ్చెయ్యండని అవతలి నుంచి జవాబు. వీధివాళ్ళే ఐసు పెట్టె తెప్పించి, పందిరి వేసి, ఆమెను ముందు గదిలో పడుకోబెట్టారు. మురుంగపాక్కం నుంచి మా పెద్దత్తను పిలిపించాం. మా ఆయనకు మేనత్త ఆమె. చావింట్లో ఒప్పారి ఎత్తుకోవాలంటే ఆమే ఎత్తుకోవాలి. ఒప్పారి అంటే పోయినవాళ్ళను వరస పెట్టి పిలిచి, పాడుతూ ఏడవడం. అమ్మా అనో, అత్తా అనో, వదినా అనో పిలవందే ఏడుపు మొదలు కాదు. అది మా పద్ధతి.

పెద్దత్త వచ్చి తల దగ్గర కూర్చుని, చుట్టూ ఉన్న ఆడవాళ్ళను కలియజూసింది. "ఈమె మనకు వరసేంది?"

తరువాత నా వైపు తిరిగింది.

"ఏమే కోడలా, నీకు తెలుసు కదా ఈమె. వరసేందే?"

"వరసేం లేదత్తా. టీచరమ్మ."

"వరస లేకుండా ఎట్లే ఏడిచేది? పెద్ద వయసు మనిషి కదా, అమ్మా అందాం లే. ఏదో ఒకటి పిలిచి కానిద్దాం." అని, కొంగు నోటికి అడ్డం పెట్టి రాగం ఎత్తుకుంది. నన్ను కన్న తల్లీ అని, నాకు తల దువ్విన తల్లీ అని. మిగతా ఆడవాళ్ళు అందుకున్నారు. ఆమెకు బిడ్డలు లేరు. ఆమె ఎవరికీ తల దువ్వలేదు. అచ్చం ఇవే మాటలు పోయిన నెల సందు చివరి ఇంట్లో ముసలావిడ పోయినప్పుడు కూడా విన్నాను.

నాకు ఎక్కడి నుంచి వచ్చిందో కోపం. "ఆపండి!" అన్నాను. పెద్దగానే అన్నాను. "వేషాలు చాలత్తా ఆమెకు. పోయినాక కూడానా?"

రాగం ఆగిపోయింది. అందరూ నా వైపే చూశారు. పెద్దత్త మొహం ఎర్రబడింది. "అంత తెలిసినదానివి, నువ్వే ఏడువు మరి" అని లేచి పక్కకు జరిగింది.

ఆమె లేచిన చోట నేను కూర్చున్నాను. పెట్టె అద్దం మీద చల్లటి ఆవిరి కమ్ముకుని ఉంది. చేత్తో తుడిచాను. మొహం కనిపించింది. అవ్వ కాదు, పోలీసు కాదు, చెల్లెలు కాదు. ఆమే.

"టీచరమ్మా" అన్నాను. ఏడుపు రాలేదు. మాట వచ్చింది. "పాలావిడ వచ్చి చెప్పినప్పుడు నేను దోసె పోసి ఉండా, దాన్ని తిప్పను కూడా లేదు, అట్లనే వదిలేసి వచ్చేసినా, ఇప్పుడు ఇల్లంతా మాడిన వాసన. మీ తమ్ముడంట, రాలేనన్నాడు. మీకు కోపం వస్తుందని తెలుసు, అయినా చెప్తా ఉండా. మీకు పూలు తెచ్చినారు, మీకు నచ్చేవి కాదు. అన్నీ కనకాంబరాలే, మీరుంటే వాసన లేని పూలెందుకని తిట్టి ఉంటారు. నవ్వి ఉంటారు కూడా. నిన్న సాయంత్రం మీ దగ్గరికి వద్దామనుకోని, బేరం వచ్చి ఉండిపోయినా, ఇంకో పెళ్ళివాళ్ళు, అంతా చెప్పాలనుకున్నా మీకు, మనసులో పెట్టుకోని దాచుకున్నా, వాళ్ళ తగువు ఎంత బాగుండిందో తెలుసా..."

ఆ తగువంతా చెప్పాను. పెళ్ళికొడుకు తల్లి ఏమన్నదో, పిల్ల మేనమామ గిన్నె ఎత్తి బల్ల మీద ఎట్ల కొట్టాడో, అన్నీ. ఆడవాళ్ళు ఏడవడం మాని వింటున్నారు. వాకిట్లో మగవాళ్ళు తొందరపడుతున్నారు.

"సీక్రం కానీమ్మా, ఎండ ఎక్కతా ఉండాది" అన్నారెవరో లోపలికి తొంగి చూసి.

"ఉండండన్నా. ఇంకా చెప్తా ఉండా."

ఆ మనిషి ఆగిపోయాడు. వాకిట్లో భువన, వాళ్ళ నాయన పక్కన నిలబడి ఉంది. ఇద్దరూ కనిపిస్తూనే ఉన్నారు నాకు. అయినా గొంతు తగ్గించలేదు.

"రేపటి నుంచి సాయంత్రం అంగట్లోనించి లేచి నేను యాడికి పోయేది, టీచరమ్మా? ఇంట్లో ఇద్దరుండారు. ఇద్దరూ మంచోళ్ళే. నేను మాట్లాడితే వినింది మాత్రం మీరొక్కరే."

మా ఆయన తల వంచుకున్నారు. నేను ఆమెకు చెప్తూనే ఉన్నాను.